ఎండల సీమలో చలి బ్రతుకులు
(రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



రాయలసీమ యనగనే వినువారి మనస్సునకు మొదట తోచునది ఎండ. ఎండిన చెరువు, నెఱ్ఱెలు విచ్చిన రేగడి, నీరింకిన బావి, మేఘము కొఱకు ఆకాశము వంక చూచు రైతు, ఇవియే ఈ సీమ చిత్రములో కనబడును. 1928వ సంవత్సరమున నంద్యాలలో జరిగిన మహాసభలో చిలుకూరి నారాయణరావు పంతులుగారు ఈ ప్రాంతమునకు రాయలసీమయను పేరు ప్రతిపాదించిన నాటినుండి నేటివరకు దీనినిగూర్చి వెలువడిన వ్రాతలలో నూటికి తొంబది ఎండను, కరువును, నీటియెద్దడిని గూర్చినవే. అది న్యాయమే. కాని గ్రంథాలయపు అరుగుమీద సాయంకాలమున చేరెడు వృద్ధులను పాతకాలపు కష్టములనుగూర్చి అడిగి చూడుడు. వారిలో పలువురు మొదట చెప్పునది ఎండనుగూర్చి కాదు, చలినిగూర్చి. ఎండకు చెట్టునీడ యుండెను, మధ్యాహ్నమున పని నిలుపు ఆచారముండెను. చలికి మాత్రము పని నిలిచెడిది కాదు. పైగా ఈ సీమలో ఎన్నియో పనులు చలివేళనే చేయవలసినవి. ఈ సంగతి పుస్తకములలో అరుదుగా కనబడుటచేత, నేటి ప్రసంగమునకు అదియే విషయముగా గ్రహింపబడినది.

కర్నూలు, కడప మండలములలో మంచు గడ్డకట్టదు, హిమాలయములలోవలె నదులు పేరుకొనవు. అట్టిచోట చలియేమని పొరుగువారు నవ్వవచ్చును. దీనికి సమాధానము ఆకాశములోనే యున్నది. ఈ సీమ గాలిలో తేమ తక్కువ, శీతకాలమున మబ్బు తక్కువ. మబ్బు భూమికి దుప్పటి వంటిది. ఆ దుప్పటి లేని రాత్రి, పగలంతయు నేల సంపాదించిన వేడిమి తెల్లవారులోపల ఆకాశమునకు ఎగసిపోవును. అందువలన డిసెంబరు, జనవరి నెలలలో పగలు 30 డిగ్రీల వేడిమి యుండు కర్నూలులో తెల్లవారుజామున అది 17 డిగ్రీల దరిదాపులకు దిగును. కొన్ని సంవత్సరములలో ఇంకను దిగును. ఇంటిలోపల బొంత కప్పుకొని పడుకొన్నవానికి ఇది హాయి. పంచె తడిసి, కడుపు ఖాళీగా, బయలు నేలమీద నిలిచినవానికి ఇదియే ప్రాణసంకటము. చలిని కొలుచుటకు పాదరసము చాలదు. మనుష్యుని యొంటిమీది గుడ్డను, కడుపులోని సంగటిని, నెత్తిమీది కప్పును కూడ కలిపి కొలువవలెను. "మాఘమాసమున మాకులు సైతము వణకును" అని పెద్దలన్న మాట ఇట్టి కొలతతో పుట్టినదే.

మొదట జొన్నచేని సంగతి చెప్పుకొందము. నల్లరేగడిలో భాద్రపద, ఆశ్వయుజములలో విత్తిన జొన్న, నేలలో దాగిన పదునుమీదను, రాత్రి కురియు మంచుమీదను బ్రతుకునని రైతుల నమ్మకము. పైరునకు ఆ చలి మేలు. చేనుకాచువానికి కీడు. కంకి పాలుపోసుకొన్నది మొదలు కోతవరకు చేనికి కావలి తప్పదు. రాత్రి అడవిపందులు, తెల్లవారుజామున పిట్టలు. చేని నడుమ నాలుగు గుంజలు పాతి మంచె వేసి, ఇంటికొకరు చొప్పున దానిమీద రాత్రులు గడపెడివారు. మంచెకు పైకప్పు చొప్పతో వేసినది, ప్రక్కలు తెఱపి. క్రిందినుండియు, ప్రక్కలనుండియు గాలి కొట్టును. మంచెపై నిప్పు పెట్టరాదు, చొప్ప అంటుకొనును. క్రింద నెగడు వేసికొన్నను, పైనున్నవానికి దాని పొగయే గాని సెగ యందదు. తెల్లవారకమున్నే వడిసెల చేతబట్టి దిగి, నిలువెత్తు జొన్నలో నడచునప్పటికి ఆకులమీది మంచు నంతయు ఒంటిమీదికే తీసికొనవలెను. చేను ఒక చుట్టు తిరిగి వచ్చుసరికి కట్టుగుడ్డ పిండినచో నీరు కారెడిది. ఈ కావలికి వెళ్లినవారిలో పదియేండ్ల పిల్లలును ఉండిరి. ఆ కాలపు చాలమంది బడి మానుటకు కారణమడిగినచో, ఈ మంచెకావలి కూడ ఒకటిగా వినవచ్చును.

కల్లము చేరిన తరువాత కూడ కష్టము తీరలేదు. ధాన్యము ఇల్లు చేరువరకు కల్లములో పడుకొనవలెను. అక్కడివారు కనిపెట్టిన యుపాయము చొప్పకుప్పలో దూరి పడుకొనుట. ఎండుచొప్ప నడుమ నిలిచిన గాలి కదలదు. కదలని గాలి వేడిమిని పోనీయదు. నేడు శాస్త్రగ్రంథములలో చదువు విషయమును ఆ కాపరులు వీపుతో నేర్చుకొనిరి. బుడ్డలు పీకు కాలమున స్త్రీల పాట్లు వేఱు. కార్తీక మార్గశిరములలో తడినేలనుండి చెట్టు పెఱికి, మట్టి దులిపి, కాయ కోయునప్పుడు వ్రేళ్లకొనలు మొద్దుబారి పగిలెడివి. అట్టి చేతులతోనే తిరిగి కోడికూతవేళ విసురురాయి త్రిప్పవలెను. విసురుట కష్టమైనను, ఇంటిలో వేడిపుట్టించు పని అదియొక్కటే యని ఆనాటి తల్లులు నవ్వుచు చెప్పుదురు.

ఇక గొఱ్ఱెల కాపరులు. కర్నూలు మండలపు పడమటి భాగమునందు కురువలకును, తక్కినచోట్ల గొల్లలకును గొఱ్ఱెలే ఆస్తి. పంట తీసిన చేలలో రాత్రులు మంద నిలిపినచో ఎరువు దక్కునని రైతులు వారిని పిలిచి, రాత్రికింత యని గింజలు కొలిచెడివారు. ఈ యేర్పాటు రైతునకును లాభము, కాపరికిని లాభము. కాని దాని మూల్యము రాత్రి జాగరణ. మంద ఒక్కచోట నిలువదు, తోడేలు భయము, దొంగభయము. ఒకచేను ముగిసిన పిదప మఱియొకచేనికి మార్పు. ఇల్లు విడిచిన కాపరి నెలల తరబడి ఆకాశము క్రిందనే నిద్రించెను. అతని ఇల్లు, పరుపు, గొడుగు, దుప్పటి అన్నియు ఒక్క కంబళియే. దానిని మడచి తలమీదుగా వేసికొన్నచో వాననాపును, క్రింద పఱచుకొన్నచో నేలతేమనాపును, ఈనిన గొఱ్ఱెపిల్లను చుట్టి చంకనబెట్టుకొన్నచో దాని ప్రాణమును నిలుపును. పుష్యమాసపు రాత్రులలో పుట్టిన పిల్లలు తడియారకమున్నే చలికి బిగుసుకొని చచ్చుట సాధారణము. అందువలన కాపరి కంబళిని పిల్లకిచ్చి తాను నెగడువద్ద కూర్చుండి తెల్లవార్చిన రాత్రులు లెక్కకు మించినవి.

ఆ కంబళి యెట్లు తయారయ్యెనో కూడ తెలిసికొనదగినది. దక్కను నల్లగొఱ్ఱెల ఉన్ని ముతక. అది మెత్తని శాలువలకు పనికిరాదు, కాని వానకును చలికిని ఆగును. ఉన్ని కత్తిరించి, ఏకి, స్త్రీలు వడికి, పడుగునకు చింతగింజల గంజి పట్టించి గుంటమగ్గముమీద నేసెడివారు. ఆ గంజివలన నూలు బిఱుసెక్కి, నేత దట్టమై, నీటిబొట్టు పైననే జాఱును. క్రొత్త కంబళి ఒంటికి గ్రుచ్చుకొనును, వాడినకొలది మెత్తబడును. ఒక కంబళి ఏండ్ల తరబడి నిలిచెడిది. అయినను దానిని నేసిన యింటిలో అందఱికిని కంబళ్లు ఉండెనని తలంపరాదు. నేసినది సంతకు పోయెడిది. సంతలో వచ్చిన సొమ్ము అప్పునకు పోయెడిది. నేసినవాని బిడ్డలు గోనెసంచిని మడచి తలకు కప్పుకొని తిరిగిరి. ఈ విపరీతము మఱవదగినది కాదు.

బావుల క్రింది సేద్యములో కపిల తోలువానిని చూడుడు. ఎండ ముదిరినచో ఎడ్లు అలయునని, రెండవజాము కోడి కూయగనే కపిల కట్టెడివారు. తోలుబాన బావిలో మునుగును, ఎడ్లు వాలున దిగును, తోలువాడు మోకుమీద కూర్చుండి వానితో దిగును, బాన పైకి వచ్చి తొండమునుండి నీరు కాలువలో పడును. మరల ఎడ్లను వెనుకకు నడుపవలెను. ఇట్లు తెల్లవారువఱకు, తెల్లవారినపిదపను. చిత్రమేమన, శీతకాలపు వేకువను బావినీరు గోరువెచ్చగా ఆవిరిగ్రక్కుచు వచ్చును. లోతున నేల, ఏడాదిపొడవునను ఇంచుమించుగ ఒకే వేడిమితో నుండుటయే దీనికి కారణము. బాన వద్దనున్నవాడు ఆ నీటితో చేతులు కాచుకొనెడివాడు. కాని నూఱు గజములు కాలువలో పాఱునప్పటికి ఆ వెచ్చదనము పోయెడిది. చేనిలో పాఱగట్టువాడు మోకాలిలోతు బురదలో, చల్లనినీటిలో నిలిచి మడవలు త్రిప్పవలెను. ఒకే బావి నీరు ఒకనికి వెచ్చన, ఒకనికి చల్లన. కపిలవద్ద పాట పుట్టినది గాని, మడవవద్ద పాట పుట్టలేదని పెద్దలు చెప్పుట ఇందుకే కాబోలు.

కాలువ క్రింద సేద్యము చేసినవారికిని ఈ బాధ తప్పలేదు. తుంగభద్రమీద సుంకేసుల ఆనకట్టనుండి కడప మండలమువఱకు సుమారు 190 మైళ్లు సాగు కర్నూలు-కడప కాలువ, పందొమ్మిదవ శతాబ్దమున ఒక ఇంగ్లీషు కంపెనీ త్రవ్వించినది. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. నీరు వంతులవారీగా వచ్చునప్పుడు, వంతు అర్ధరాత్రి వచ్చినచో అర్ధరాత్రియే చేనిలో నుండవలెను. నీరుగంటి లాంతరు పట్టుకొని గట్టువెంబడి తిరుగుచుండ, రైతు పార భుజమున వైచుకొని తన తూము తెఱచు ఘడియకై చలిలో కాచుకొనుచుండెను. నారు పీకు స్త్రీలు తెల్లవారకమున్నే మడిలో దిగిరి.

చేనేతవారి చలి ఇంకొక విధము. ఎమ్మిగనూరు, కోడుమూరు, ఆదోని, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మాధవరము, పుల్లంపేట మొదలగు చోట్ల మగ్గము ఊరికి ప్రాణము. పడుగును వీధిపొడవున చాచి, కొయ్యలపై నిలిపి, గంజి పట్టించి, ఇరుప్రక్కలను నిలిచి కుంచెలతో దువ్వుట పొద్దుపొడువకమున్నే జరుగవలెను. ఎండ తగిలినచో గంజి తొందరగా ఆఱి, పోగులు అంటుకొని తెగిపోవును. కనుక నూలునకు చలియు తేమయు హితము, నేతగానికి అహితము. గంజినీటిలో మునిగిన చేతులకు వేకువగాలి తగిలినపుడు కలుగు నొప్పి, అనుభవించినవారికే తెలియును. పని నిలిపి చలి కాచుకొందమన్నచో పడుగు చెడును. పడుగు చెడినచో నెలదినముల తిండి చెడును. అటుపిమ్మట గుంటమగ్గము. నేలలో త్రవ్విన గుంటలో కాళ్లు పెట్టి, తొక్కుడుబద్దలు తొక్కుచు దినమంతయు కూర్చుండవలెను. వానకాలమున ఊరిన తేమ శీతకాలము వచ్చినను ఆ గుంటను వీడదు. చీరెలమీద నేతగాండ్రు పూయించిన పూలను చూచినవారు వేలమంది. ఆ గుంటలో మొద్దుబాఱిన పాదములను చూచినవారు వారి యింటివారే.

ఇంతవఱకు చెప్పినది కడుపునిండిన యేటి చలి. కరువు వచ్చిన యేటి చలి వేఱు. తిండి దేహమునకు వంటచెఱకు వంటిది. అది తఱిగినచో చిన్నచలియు చంపును. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాతకరువు ఈ రెండు మండలములను నాశనము చేసినది. 1871 జనసంఖ్యతో 1881 జనసంఖ్యను పోల్చినచో కర్నూలు మండలమున ఇంచుమించు నాలుగవ వంతు జనము తగ్గెను. కరువుపనులలో రాళ్లుకొట్టి, మట్టిమోసి బ్రతికినవారికి కూలి యెంత యుండవలెనను వివాదము 1877 జనవరిలో, అనగా సరిగా చలికాలము నడుమ, పుట్టినది. ఖర్చు తగ్గింప వచ్చిన సర్ రిచర్డు టెంపుల్, దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై కొంచెము డబ్బును చాలునని నిర్ణయించెను. మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిష్, కష్టముచేయు దేహము ఆ తిండితో నిలువదని, పౌనున్నర యైన కావలెనని వాదించెను. కొన్నినెలలకు ప్రభుత్వము ఆ కొలత పెంచక తప్పలేదు. ఈలోగా పోయినవారు తిరిగిరాలేదు. 1877లో చివరకు వానలు వచ్చినప్పుడు, బక్కచిక్కిన దేహములు తడికిని, చలిజ్వరమునకును తాళలేక మఱింతమంది రాలిరి. కోరిన వాన వచ్చి చంపుట అంతకంటె దుఃఖమేమున్నది? అర పౌను ధాన్యము కాగితముమీద చిన్న అంకె. చలిరాత్రి బయట పడుకొన్నవానికి అది ప్రాణమునకు ప్రాణము. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారి పేరు, 1866 నాటి కరువులో వేలమందికి అన్నముపెట్టిన పుణ్యముచేత, నేటికిని ఈ సీమలో పాటగా నిలుచుటకు కారణము ఇదియే.

తరువాతి కాలమున కొన్ని మేలులు కలిగెను. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘమును స్థాపించిరి. నూలుకును, అమ్మకమునకును షావుకారు చేతిలో చిక్కియున్న నేతగానికి ఒక అండ దొరికెను. 1954లో వారికి పద్మశ్రీ బిరుదము లభించుట ఆ నేతగాండ్రందఱి గౌరవముగా తలంపబడినది. కపిలల స్థానమున ఆయిలింజన్లును, తరువాత కరెంటు మోటార్లును వచ్చెను. కపిలతోపాటు వేకువచలియు పోవునని రైతులు ఆశించిరి. కాని సేద్యమునకు కరెంటు విడతలవారీగా, అందులో ఒకవిడత రాత్రివేళ ఇచ్చిన యేండ్లలో, తండ్రి మోకుపట్టుకొని లేచిన జామునకే కుమారుడు మోటారు మీటనొక్కుటకు లేచెను. చీకటిలో పాము, తడిచేతికి కరెంటు అనునవి క్రొత్తభయములు. పనిముట్టు మాఱినది, వేళ మాఱలేదు.

వలసపోవువారి సంగతియు ఇట్టిదే. కోసిగి, మంత్రాలయము, ఆదోని, ఆలూరు ప్రాంతములనుండి కుటుంబములు మిరపకోతలకు గుంటూరు సీమకు తరలిపోవుట అనేక సంవత్సరములుగా సాగుచున్నది. కోతల ఆరంభము చలికాలముననే. చేనిగట్టున పట్టలు కట్టి, వానిక్రింద పసిబిడ్డలతో రాత్రులు గడపుదురు. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము మండలము బండ్లపల్లిలో ఉపాధిహామీ పథకము ఆరంభమైనప్పుడు, ఊరిలోనే పని, ఇంటిలోనే నిద్ర అను ఆశ కలిగెను. ఆ యాశ కొంత ఫలించినను, వలస నిలిచిపోలేదు. మంచెకావలికై బడి మానిన తాతకును, మిరపచేనికి తల్లితో పోయి బడి మానిన మనుమనికిని భేదమెంత? గ్రంథాలయమున సంక్రాంతి తరువాత పిల్లల బల్ల ఖాళీయగుట చూచినవారికి ఈ ప్రశ్న తప్పదు.

ఇప్పుడు గ్రంథాలయముమాట. కర్నూలులో 1883లో జన్మించి, 1960లో పరమపదించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును తమ జీవితము ధారవోసిరి. చదువురానివానివద్దకు చదువే నడచిపోవలెనని వారి పట్టుదల. పగలు పనిచేయువానికి చదువు రాత్రియే సాధ్యము. కనుక రాత్రిబడులు పుట్టెను. ఆ బడులలో లాంతరుచుట్టును చేరినవారెవరు? కంబళి కప్పుకొన్న కాపరి, చేతులు పగిలిన కూలివాడు, కుంచె దించి వచ్చిన నేతగాడు. అక్షరమునకై వారు చలిలో కూర్చుండిరి. కాని ఆ యక్షరములతో వారి బ్రతుకును వ్రాయువారు మాత్రము కలుగలేదు. రాజుల కోటలకు శాసనములున్నవి, కలెక్టర్ల దొరతనమునకు గెజిటీర్లున్నవి. మంచెమీది రాత్రికి శాసనము లేదు.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు తగిన పని యొకటి ఇందుండి తోచుచున్నది. ఊరిలో ఎనుబదియేండ్లు దాటిన ప్రతివారివద్దకు చదువుకొన్న పిల్లనొకతెనో, పిల్లవానినొకనినో పంపవలెను. తాత కపిల యే జామున కట్టెనో, అవ్వ ఎన్ని శేర్ల జొన్నలు విసరెనో, మంద నిలిపిన రాత్రికి ఎన్ని గింజలు కొలిచిరో, ఇంటిలో ఎందఱికి ఎన్ని దుప్పట్లుండెనో, వారు చెప్పినది చెప్పినట్లు, వారి మాటలలోనే వ్రాయించవలెను. వ్రాసినవారి పేరును, చెప్పినవారి పేరును పెట్టి ఆ నోటుపుస్తకములను అట్టవేయించి బీరువాలో నుంచవలెను. దీనికి ధనము అక్కఱలేదు, ఆలస్యము మాత్రము పనికిరాదు. ఎండిన చెరువు మరల నిండవచ్చును. పెద్దవారి జ్ఞాపకము వారితో పోయినచో మరల నిండదు.

అట్లే మఱియొక చిన్నపని. వలసపోవు కుటుంబముల పిల్లలు తిరిగివచ్చినప్పుడు, తప్పిన పాఠములు చెప్పుటకు సాయంకాలము ఒక గంట, ఒక దీపము, ఒక చాప ఈ గ్రంథాలయమున వారికొఱకు నియమించినచో, ఆనాటి రాత్రిబడుల ఋణము కొంత తీఱును.

శివరాత్రికి చలి శివశివా యని పోవునని సామెత. పంచాంగపు చలి అట్లే పోవును. తిండిలేని, గుడ్డలేని, చదువులేని చలి మాత్రము పంచాంగము చూచి పోవునది కాదు. దానిని మనుష్యులే సాగనంపవలెను. తాము వణకుచు ఊరికి అన్నమును, గుడ్డను ఇచ్చిన పూర్వులకు ఈ రజతోత్సవ సమయమున నమస్కారము.